లాఫుల్‌ని "ధర్మం" అని రాయొచ్చా? తెలుగు షీటు మీద అలైన్‌మెంట్ గడి

కోటబురుజు (విజయనగరం)

అందరికీ నమస్కారం. సిరిమానోత్సవం అయిన వారం ఇక్కడ కొత్త కాంపెయిన్ (వారం వారం సాగే ఆట కథ) మొదలవుతోంది. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసి డైస్‌తో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు, ఒకటో లెవెల్, నలుగురు ఆటగాళ్లు: పాలడిన్ (ప్రమాణం పట్టిన యోధుడు), క్లెరిక్ (పూజారి), రేంజర్ (అడవి వేటగాడు), రోగ్ (దొంగ). క్యారెక్టర్ షీటు తెలుగులోనే అచ్చు వేయించాలని నిర్ణయం. మిగతా గడులన్నీ అయిపోయాయి. అలైన్‌మెంట్ దగ్గర పని ఆగింది: లాఫుల్/కేయాటిక్ ఒక గీత, గుడ్/ఈవిల్ ఇంకో గీత, రెండిటి నడుమా న్యూట్రల్, కలిపి పాత్ర స్వభావానికి తొమ్మిది పేర్లు.

అడగాల్సినవి మూడు. లాఫుల్ (నియమానికి కట్టుబడటం), కేయాటిక్ (దానికి ఎదురు), గుడ్ (మంచి), ఈవిల్ (చెడు) అనే మాటలకు తెలుగులో ఏం పెట్టాలి? ఇప్పటికి లాఫుల్ గుడ్‌కి "ధర్మాత్ముడు", కేయాటిక్ ఈవిల్‌కి "అధర్మపరుడు" అని ఉంది, మధ్యలో ఏడూ ఖాళీ. రెండోది, ఆ గడికి ఆటలో ఏదైనా పని ఉండాలా, పేరుకి ఉంటే చాలా? మూడోది, రోగ్ ఆడేవారు కేయాటిక్ న్యూట్రల్ అంటున్నారు. పార్టీ (కలిసి తిరిగే నలుగురి జట్టు) నిలబడుతుందా?

బొబ్బిలివీణ (బొబ్బిలి)

ముందు "ధర్మం" కొట్టేయండి మాస్టారూ. ఆ ఏడు గడులూ ఖాళీగా మిగిలింది దానివల్లే.

రాజధర్మం అన్నప్పుడు ధర్మం అంటే కట్టుబాటు. "ధర్మం చెయ్యండి బాబూ" అన్నప్పుడు దయ. "ధర్మంగా మాట్లాడు" అన్నప్పుడు న్యాయం. ఆటలో రెండు వేరువేరు గీతలుంటే ఈ ఒక్క మాట రెండిటినీ మింగేస్తుంది. లాఫుల్‌కి ధర్మం అని రాస్తే లాఫుల్ ఈవిల్ "ధర్మబద్ధమైన అధర్మం" అవుతుంది. అది చదివి ఆటగాడు ఏం ఆడతాడు? కేయాటిక్ గుడ్‌కైతే అసలు చోటే ఉండదు.

అడ్డగీతకి కట్టుబాటు, ఇష్టారాజ్యం అని పెట్టండి. నిలువుగీతకి మేలు, కీడు. రెండు కొసల నడుమకి మధ్యస్థం. ఇప్పుడు లాఫుల్ ఈవిల్ ఎవరో చూడండి: ప్రామిసరీ నోటులో రాసిన వడ్డీకి పైసా ఎక్కువ అడగడు, గడువు దాటిన మర్నాడు పొలం రాయించుకోకుండా వదలడు. మాట తప్పలేదు, ఇంట్లో పొయ్యి మాత్రం ఆరిపోయింది. "కట్టుబాటు, కీడు" అని రాస్తే ఆ మనిషి కళ్ల ముందు నిలబడతాడు. కరువులో గాదె తాళం బద్దలుకొట్టి ఊరందరికీ గింజలు పంచినవాడు కేయాటిక్ గుడ్. "అధర్మం" అనే మాటతో ఆయన్ని ఎలా చెప్తారు?

వంశధార_ఘాట్ (కళింగపట్నం)

మేలు, కీడు, కట్టుబాటు మూడూ బాగున్నాయి. ఇష్టారాజ్యం మాత్రం వద్దు. మన వాడుకలో అది తిట్టు. ఆ గీత మంచి చెడ్డలతో సంబంధం లేకుండా ఉండాలి కదా, పేరులోనే చెడ్డ అంటగడితే ఎవరూ ఎంచుకోరు. అలాగని "స్వేచ్ఛ" అంటే అందరూ దానికే పోతారు. "సొంతదారి" అనండి. పొగడ్తా కాదు, తిట్టూ కాదు.

బొబ్బిలివీణ

ఒప్పుకుంటున్నాను. సొంతదారి బాగా కుదిరింది.

నాగావళి20 (శ్రీకాకుళం)

ఈ గొడవ తెలుగులోనే కాదు, ఇంగ్లీషులోనూ మొదట్నుంచి ఉంది. 1974 నాటి మొదటి డీ అండ్ డీలో లా, న్యూట్రాలిటీ, కేయాస్ అని మూడే. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ కథల్లో లోకం కోసం కొట్టుకునే రెండు శక్తుల నుంచి వచ్చాయవి. అప్పట్లో అలైన్‌మెంట్ అంటే గుణం కన్నా పక్షం, ఎవరి జెండా కింద నిలబడ్డావన్నది. 1976 ఫిబ్రవరిలో స్ట్రాటజిక్ రివ్యూ పత్రికలో గ్యారీ గైగాక్స్ మంచి చెడుల గీతను విడిగా గీసి చూపించాడు. 1977 బేసిక్ సెట్‌లో ఐదు, 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో తొమ్మిది. 2008లో నాలుగో ఎడిషన్ మళ్లీ ఐదుకి దించింది. 2014లో తొమ్మిదీ తిరిగొచ్చాయి, బుద్ధి లేని ప్రాణులకు అన్‌అలైన్డ్ అదనం.

ఇదంతా ఎందుకంటే, మీ టేబుల్ దగ్గర ఒకరు పక్షం అనుకుని, ఇంకొకరు గుణం అనుకుని ఆడితే రెండో వారానికే వాదన వస్తుంది. ఏ అర్థమో మొదటిరోజే ఒక వాక్యంలో చెప్పేయండి.

రాజాం_రోగ్ (రాజాం)

రెండో ప్రశ్నకి నా జవాబు: ఐదో ఎడిషన్‌లో ఆ గడికి పనేటీ లేదు. డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ అనే మంత్రం ఒక్కటి తప్ప. తీసేయండి, అచ్చు ఖర్చు తగ్గుతుంది.

జీడితోట (పలాస)

తమ్ముడూ, అదొక్కటీ కూడా అలైన్‌మెంట్ చూడదు. 2014 పుస్తకంలో ఆ మంత్రం చూసేది ప్రాణి జాతిని: అబెరేషన్, సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే, ఫీండ్, అన్‌డెడ్. 30 అడుగుల లోపల ఇవి ఎక్కడున్నాయో చెప్తుంది. పదిమందిని చంపిన ఊరి మునసబు పక్కనే కూర్చున్నా ఏమీ తెలీదు, మనిషి కాబట్టి.

అలా మార్చడానికి బలమైన కారణం ఉంది. 3.5 ఎడిషన్‌లో పాలడిన్ ఎన్నిసార్లయినా డిటెక్ట్ ఈవిల్ వాడొచ్చు. 60 అడుగుల కోన్ (శంకు ఆకారం) మేర. మొదటి రౌండ్‌లో కీడు ఉందో లేదో, రెండో రౌండ్‌లో ఎన్ని ఉన్నాయో, మూడో రౌండ్‌లో ఒక్కొక్కటీ ఎక్కడుందో. రౌండ్‌కి 6 సెకన్లు. హంతకుడెవరన్న మిస్టరీని నాలుగు వారాలు సాగదీద్దామని డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవారు) రాసుకొస్తే సత్రంలో 18 సెకన్లలో తేలిపోతుంది. అందుకే పాత డీఎంలు ఊళ్లో ప్రతి దొరకీ అన్‌డిటెక్టబుల్ అలైన్‌మెంట్ అనే మరుగు మంత్రం కట్టేవాళ్లు (24 గంటలు నిలుస్తుంది), లేదా గోడలో సీసం రేకు పెట్టేవాళ్లు. పల్చని సీసం రేకు ఆ మంత్రాన్ని ఆపుతుంది. అడుగు మందం రాయి, అంగుళం మందం మామూలు లోహం, మూడడుగుల చెక్క లేదా మట్టి కూడా ఆపుతాయి. ఇంటింటికీ సీసం రేకు ఉన్న ఊరు ఆటగాళ్లకి నమ్మశక్యంగా ఉండదు, అక్కడ చెడుతుంది.

ఐదో ఎడిషన్‌లో నిజంగా అలైన్‌మెంట్ చూసేవి కొన్ని మిగిలాయి. షీటు మీంచి గడి తీసేస్తే వీటికి జవాబు తయారుగా పెట్టుకోవాలి:

స్పిరిట్ గార్డియన్స్ మంత్రం దెబ్బ, వేసినవారు ఈవిల్ అయితే నెక్రోటిక్ (మృత్యుశక్తి), కాకపోతే రేడియంట్ (దివ్యకాంతి). క్లెరిక్ ఐదో లెవెల్‌కి రాగానే ఈ ప్రశ్న వస్తుంది, ఇది ఖాయం. రోబ్ ఆఫ్ ది ఆర్క్‌మెజై అనే మాయ అంగీ రంగు: గుడ్‌కి తెలుపు, న్యూట్రల్‌కి బూడిద, ఈవిల్‌కి నలుపు. రాక్షస అనే ఫీండ్‌కి గుడ్ అయినవారి చేతిలోని మాయాయుధం గుచ్చితే దెబ్బ రెట్టింపు. స్ప్రైట్ (చిన్న ఫే ప్రాణి) తాకితే డీసీ 10 కరిష్మా సేవ్ (డైస్‌తో 10 గానీ ఎక్కువ గానీ తెచ్చుకోవాలి), తప్పితే అలైన్‌మెంట్ దానికి తెలిసిపోతుంది.

రాజాం_రోగ్

దిద్దినందుకు థాంక్స్ అన్నయ్యా. ఆ మంత్రం సంగతి తప్పు చెప్పాను. గడి మాత్రం తీసేయమనే అంటాను, ఎందుకో ఒక ఉదాహరణతో అడుగుతాను.

1757 జనవరి 24, బొబ్బిలి కోట. విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. తాండ్ర పాపారాయుడు ఉన్నది రాజాంలో, కోట పడేలోపు చేరలేకపోయాడు. తర్వాత రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి చొరబడి పొడిచి చంపాడు. ఆయన్ని ఈ తొమ్మిది గడుల్లో ఎక్కడ పెడతారు? మా ఊళ్లో అడిగితే ప్రభువు రుణం తీర్చుకున్నవాడు, కట్టుబాటంటే అదే అంటారు.

కోటబురుజు

మా కోట వైపు నుంచి చూస్తే రాత్రిపూట డేరాలోకి దూరడం యుద్ధనీతి కాదు. గౌరవంతోనే చెప్తున్నాను, ఇటువైపువాళ్లు ఆయన్ని కట్టుబాటు గడిలో పెట్టడం కష్టం.

బొబ్బిలివీణ

మీరిద్దరూ ఒకే పని గురించి చెప్తున్నారు, రెండు వేరు కట్టుబాట్లతో కొలుస్తున్నారు. ఒకటి ఉప్పు తిన్న ప్రభువుకి ఇచ్చిన మాట, ఇంకొకటి యుద్ధనీతి. ఆట పుస్తకం ఈ రెండిటినీ "లాఫుల్" అనే ఒక్క మాటలో కుక్కేసింది. పాలడిన్ పరాయి రాజ్యంలో అడుగుపెట్టగానే అక్కడి చట్టానికి తల వంచాలా అన్న వాదన ప్రతి టేబుల్ మీదా ఇక్కడి నుంచే పుడుతుంది. వంచక్కర్లేదు. తన కట్టుబాటు ఏదో దానికి నిలబడితే చాలు.

కాబట్టి గడి తీసేయొద్దు, గడి పక్కన ఇంకో గీత గీయండి: "ఎవరి కట్టుబాటు?" అక్కడ "కట్టుబాటు" అనే మాటే తిరిగి రాయకూడదు. "నన్ను పెంచిన మఠం నియమాలు", "మా దళపతి ఆజ్ఞ", "నదికి ఈవలి ఊళ్ల పంచాయతీ తీర్పు" లాగ ఉండాలి. పాపారాయుడైతే "బొబ్బిలి గద్దె". అంతే, ఇక వాదన లేదు.

2014 పాలడిన్ ప్రమాణాలు చూసినా ఇదే కనిపిస్తుంది. డివోషన్ ప్రమాణంలో నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, బాధ్యత. వెంజెన్స్ ప్రమాణంలో దుర్మార్గులపై దయ చూపకపోవడం, పగ తీర్చడానికి ఏ దారైనా పట్టడం. ఇద్దరూ పాలడిన్లే. డేరాలోకి దూరితే మొదటివాడి ప్రమాణం తెగుతుంది, రెండోవాడిది నెరవేరుతుంది. మీ పాలడిన్ ఏ ప్రమాణం తీసుకుంటారో మూడో లెవెల్ వరకు తేల్చనక్కర్లేదని పుస్తకం అంటుంది, మీరు మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

నాగావళి20

ఇక గడికి పని పెట్టడం. డీఎం నోటుపుస్తకంలో ఒక్కో పాత్రకి రెండు గీతలు, ఒక్కోదానికి 11 గడులు, మైనస్ 5 నుంచి ప్లస్ 5. మేలు అని మొదలుపెట్టినవాళ్లని ప్లస్ 3 మీద ఉంచండి, కీడు అయితే మైనస్ 3, మధ్యస్థం సున్నా. ప్లస్ 3, ఆపైన మేలు, మైనస్ 3, ఆ కిందది కీడు, నడుమన ఉన్న ఐదు గడులూ మధ్యస్థం. కట్టుబాటు గీతకీ ఇదే లెక్క.

ఒక సెషన్‌లో ఒక గీత మీద ఒక్క గడి మించి జరపకూడదు. జరిపేముందు, అంటే డైస్ పడకముందు, "ఈ పని చేస్తే మీ గడి కీడు వైపు జరుగుతుంది, చేస్తారా?" అని పైకి అడగాలి. ఇది తప్పిస్తే మొత్తం చెడుతుంది. లోపల్లోపల లెక్క రాసుకుని ఐదో వారం "మీ పాలడిన్ పతనమయ్యాడు" అని ప్రకటిస్తే ఆటగాడికి అది తీర్పులా ఉండదు, వలలా ఉంటుంది.

ఇంకో తప్పు: దానధర్మాల బేరం. పదిమంది బిచ్చగాళ్లకి తలో రాగి నాణెం వేసి మేలు గడి జరపమంటారు. అందుకని ఖర్చు లేనిదానికి గడి జరగదని ముందే చెప్పండి. సొమ్ము, రక్తం, సమయం, ఇచ్చిన మాట, వీటిలో ఒకటైనా పోవాలి, అదీ నొప్పి తెలిసేంత.

గీత దాటి కొత్త పేరులోకి వచ్చాక రెండు సెషన్లు అక్కడే ఉంటే అప్పుడు షీటు మీద మార్చండి. శిక్ష వెయ్యొద్దు. 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్ పోయేది, దాంతో ఆటగాళ్లు పాత్రని మార్చకుండా బిగించేసేవాళ్లు, మనిషి మారడమనే కథే టేబుల్ మీదికి వచ్చేది కాదు. 3.5లో కావాలని చేసిన తప్పుకి అటోన్‌మెంట్ (ప్రాయశ్చిత్తం) వేస్తే ఆ మంత్రం వేసిన క్లెరిక్కి 500 అనుభవం పాయింట్లు పోయేవి, తప్పు ఒకరిది, నష్టం ఇంకొకరిది. 2014 పద్ధతే నయం: పాలడిన్ మాట తప్పితే తన మతానికి చెందిన క్లెరిక్ దగ్గర పాపం ఒప్పుకోవడం, రాత్రంతా జాగారం, ఉపవాసం లాంటివి. జాగరణ మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, ఆ సీను బాగా పండుతుంది.

వంశధార_ఘాట్

లెక్క బాగుంది గానీ రెండే గీతలు మనిషికి చాలవు. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన పెండ్రాగన్ అనే ఇంకో ఆట చూడండి. 13 జంటలు: క్షమ/పగ, ఔదార్యం/స్వార్థం, నిజాయితీ/మోసం, దయ/క్రూరత్వం, వినయం/గర్వం, ఇలా. ఒక్కో జంట మొత్తం ఎప్పుడూ 20. దయ 13 అయితే క్రూరత్వం 7.

లొంగిపోయిన శత్రువు ముందు మోకాళ్ల మీద ఉన్నాడనుకోండి. డీ20 (20 ముఖాల డైస్) వేస్తారు. 13 లేదా తక్కువ పడితే దయ గెలిచింది, అంటే 65 శాతం. తప్పితే క్రూరత్వం మీద మళ్లీ వేస్తారు, 7 లేదా తక్కువ పడాలి, మొత్తం మీద 12.25 శాతం. రెండూ తప్పితే, 22.75 శాతం, ఆటగాడి ఇష్టం. గెలిచిన గుణం పక్కన టిక్కు పడొచ్చు. ఆట కథలో ఏడాది చివర చలికాలంలో టిక్కు ఉన్నదాని మీద డీ20 వేసి ఇప్పుడున్న అంకె కంటే ఎక్కువ పడితే ఒకటి పెరుగుతుంది, జంటలోది ఒకటి తగ్గుతుంది. 18 ఉన్న గుణం పెరగాలంటే 19 లేదా 20 పడాలి. కొస దగ్గర కదలడం కష్టమన్న లోకానుభవం ఆ లెక్కలోనే ఉంది.

రాజాం_రోగ్

నా పాత్ర ఏం చెయ్యాలో డైస్ చెప్పడం నాకు నచ్చదు. మరేటి ఆడినట్టు?

వంశధార_ఘాట్

ప్రతిదానికీ వెయ్యరు తమ్ముడూ. గుణం 16కి చేరి పేరుపడ్డప్పుడు, లేదా ఆటగాడే ఎటూ తేల్చుకోలేనప్పుడు. కోపం వచ్చినప్పుడు మనిషి చెయ్యి మనిషి మాట వినదు కదా, అంతవరకే. అయినా ఐదో ఎడిషన్ టేబుల్‌కి 13 జంటలూ బరువే. మూడు జంటలు చాలు: దయ, నిజాయితీ, సాహసం.

జీడితోట

ఇంకా తేలికది 2012 నాటి డంజన్ వరల్డ్ అనే ఆట. అక్కడ అలైన్‌మెంట్ ఒక పని. గుడ్ ఫైటర్ అయితే "తనకంటే బలహీనుల్ని కాపాడు". కేయాటిక్ థీఫ్ అయితే "ఆలోచించకుండా ప్రమాదంలోకి దూకు". సెషన్ చివర "చేశావా?" అని అడుగుతారు, చేస్తే 1 అనుభవం పాయింట్. లెవెల్ పెరగడానికి ఇప్పటి లెవెల్‌కి 7 కలిపినంత కావాలి, అంటే మొదటిసారి 8. ఎనిమిదిలో ఒకటి చిన్నదేం కాదు. ఆటగాడే అవకాశం వెతుక్కుంటాడు, డీఎం గుర్తు చెయ్యక్కర్లేదు. ఐదో ఎడిషన్‌లో పాయింటు బదులు ఇన్‌స్పిరేషన్ ఇవ్వండి. అది ఒక్కటే దాచుకోగలరు, అటాక్, సేవ్ లేదా ఎబిలిటీ చెక్‌కి అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి ఎక్కువది తీసుకోవడం) వస్తుంది. దాచుకున్నది వాడకుండా ఇంకోటి రాదు కాబట్టి పోగుపడదు.

పాత్‌ఫైండర్ అనే ఆట రెండో ఎడిషన్ 2023 రీమాస్టర్‌లో అలైన్‌మెంట్ మొత్తం తీసేసింది. బదులుగా ఎడిక్ట్, అనాథమా: చేసి తీరేవి, ఎన్నడూ చెయ్యనివి. దేవతకి సంబంధించినవాళ్లకి హోలీ, అన్‌హోలీ విడిగా. ఆ రెండు వాక్యాల పద్ధతి ఏ ఆటలోకైనా ఎత్తుకోవచ్చు.

రాజాం_రోగ్

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. కేయాటిక్ న్యూట్రల్ రోగ్‌తో పార్టీ విరిగేది ఒకేచోట: సొంతవాళ్ల మూటలో చెయ్యి పెట్టినప్పుడు. "నా పాత్ర అలాగే చేస్తాది" అంటారు. ఒకే నియమం చాలు: పార్టీలోవాళ్ల మీద డైస్ వెయ్యాలంటే అవతలి ఆటగాడు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఫలితం కూడా ఆ అవతలి ఆటగాడే చెప్తాడు. దొంగతనం ఆగదు, గుట్టుగా జరగడం ఆగుతుంది. సొంతదారి అంటే ఎవరి ఆజ్ఞా పట్టదని. తోటివాళ్లు పట్టరని కాదు. ఆ రెండో రకం మనిషితో మిగతా ముగ్గురూ ఎందుకు నడుస్తారో ఆటగాడినే అడగండి, జవాబు లేకపోతే పాత్ర ఇంకా తయారవ్వలేదు.

బందీల సంగతి కూడా ఇక్కడే. మంచి పార్టీ కూడా లొంగిన దొంగల్ని చంపేస్తే డీఎంలు కీడు గడి జరుపుతారు. ముందు దారి చూడండి. నలుగురు బందీలు, అప్పగించే కోట నాలుగు రోజుల నడక. రోజుకి మనిషికో రేషన్, మొత్తం 16. బరువు 32 పౌండ్లు, ధర 8 బంగారు నాణేలు. పైగా రాత్రి కాపలా. ఒకటో లెవెల్ పార్టీకి ఇది బరువైన పనే. చంపింది కీడు వల్ల కాదు, వేరే దారి మీరు పెట్టక. రేవు దగ్గర ఒక పడవ సరంగుని, పూట నడకలో ఒక ఊరి పెద్దని పెట్టండి. అప్పుడూ చంపితే గడి జరపండి, న్యాయంగా ఉంటాది.

నాగావళి20

ఈ బందీల లెక్క అచ్చు వేయించి డీఎం తెర వెనక అంటించుకోవాల్సిందే.

కోటబురుజు

అందరికీ ధన్యవాదాలు. షీటు మీదికి ఇలా వస్తోంది: తొమ్మిది పేర్లు కట్టుబాటు/సొంతదారి, మేలు/కీడు, మధ్యస్థంతో. వాటి కింద మూడు గీతలు: "ఎవరి కట్టుబాటు?", "చేసి తీరేది", "ఎన్నడూ చెయ్యనిది". సొంతదారివాళ్లు మొదటి గీత ఖాళీగా వదలొచ్చు. 11 గడుల లెక్క నోటుపుస్తకంలో. చేసి తీరేది చేసి, దానికి ఏదైనా పోగొట్టుకుంటే సెషన్ చివర ఇన్‌స్పిరేషన్. పెండ్రాగన్ జంటలు ఈసారికి వద్దు.

రోగ్ ఆడేవారు అప్పుడే నింపి పంపారు. చేసి తీరేది: "ఒప్పుకున్న వాటా ఒప్పుకున్నట్టు పంచుతాను." ఎన్నడూ చెయ్యనిది: "పేదవాళ్ల దగ్గర తియ్యను."

బొబ్బిలివీణ

మొదటిది చక్కగా ఉంది. రెండోది మార్పించండి. పేదవాళ్లెవరన్నది సంతలో నిలబడ్డాక తేలదు, అక్కడ మళ్లీ వాదనే. పుస్తకంలో పనితనం అక్కర్లేని కూలికి రోజుకి 2 వెండి నాణేలు. "రోజు కూలి మీద బతికేవాళ్ల దగ్గర తియ్యను" అని రాయించండి. మూటవిప్పి చూసేలోపు ఎవరి మూటో ఆటగాడికే తెలిసిపోతుంది.